మంచుగడ్డ రద్దయిన ఊళ్లో అత్తగారు జారిపడుట

మనిషి నిప్పును కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు, చివరికి ఆ ఊరి నగరపాలక సంస్థ మంచుగడ్డను రద్దు చేసింది. మొదటి రెండింటికీ ఎవరూ ఉత్తర్వు ఇచ్చిన దాఖలా లేదు. మూడోదానికి మాత్రం సంఖ్య, తేదీ, సంతకం, గుండ్రటి ముద్ర అన్నీ ఉన్నాయి. రైలు పట్టాల మీదుగా కట్టిన నడక వంతెన మీద ఇకమీదట మంచుగడ్డ ఉండదని, ఉన్నదని ఎవరైనా అంటే అది వారి సొంత అభిప్రాయంగా పరిగణించబడుతుందని ఆ ఉత్తర్వు సారాంశం. ఆ ఊళ్లో శీతాకాలమంతా ఉత్తర్వులు జారీ అవుతూనే ఉంటాయి, మనుషులు జారుతూనే ఉంటారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఈ ఘనకార్యం సాధించింది మంచుగడ్డ నివారణ, నిర్మూలన విభాగం. నివారణ వాళ్లు పై అంతస్తులో, నిర్మూలన వాళ్లు కింది అంతస్తులో ఉండేవారు. నివారణ సవ్యంగా జరిగితే నిర్మూలనకు పనుండదు. నిర్మూలనకు చేతినిండా పనుంటే నివారణ ఏడ్చినట్టుందన్నమాట. అందువల్ల రెండు పక్షాలకూ మాటల్లేవు. (మెట్ల మీద ఎదురైతే దగ్గుకునేవారు.)

నివారణ వైపు ఇంజనీరును ఊరంతా పూతాయన అనేవారు. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు లేకపోలేదు. మంచు అంటుకోని ఒక పూతను ఆయన ఏళ్ల తరబడి తంటాలుపడి తయారుచేశాడు. అది పూసిన చోట నీటిచుక్క పడితే ముత్యంలా దొర్లిపోతుంది. మంచు పేరుకోదు. పేరుకున్నా వేలితో తోస్తే పెళ్లున ఊడిపడుతుంది. ఆ సంతోషంలో ఆయన తన గది తలుపు మీది పేరుపలకకు కూడా ఒక చేయి పూశాడు. మర్నాటికి పేరు జారి కిందపడిపోయింది. మళ్లీ రాయిస్తే రంగు నిలవలేదు. అప్పటి నుంచి ఖాళీ పలక కింద కూర్చున్న మనిషిని ఏమని పిలవాలో తెలియక జనం పూతాయన అన్నారు, ఆయన పలికాడు.

ఇంట్లోనూ ఆయన చేతికి అదుపుండేది కాదు. కిటికీ చట్రానికి పూశాడు, గొడుక్కి పూశాడు, ఒకనాడు ఉత్సాహం పట్టలేక భార్య కళ్లజోడుకు పూశాడు. అది ఆవిడ ముక్కు మీద నిలవడం మానేసింది. "మనిషన్నాక ఎక్కడో ఒకచోట ఆగాలండీ" అంది ఆవిడ, కళ్లజోడును దారంతో మెడకు కట్టుకుంటూ. ఆగడం అనేది పూత తత్వానికే విరుద్ధమని ఆయన వివరించబోయాడు గానీ, ఆవిడ చేతిలో గరిటె చూసి విరమించుకున్నాడు.

ఇక సెన్సర్ల సంగతి. అవి చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్ద బిళ్లలు. వంతెన పొడుగునా, రెయిలింగ్ అడుగున, కాలు తగలని చోట వరుసగా అమర్చారు. ఒంటిమీద మంచు పేరుకుంటే ఆ కబురు కంట్రోల్ రూమ్‌కి పంపడం వాటి ఉద్యోగం. మొదటి శీతాకాలం అవి ఆ పనిని వెర్రి శ్రద్ధతో చేశాయి. కంట్రోల్ రూమ్ తెర కుంకుడు నురగ పడ్డ కన్నులా ఎర్రబడింది. కమిషనర్‌గారు పూతాయనను పిలిపించారు.

"ఏమిటండీ ఈ ఎరుపు?"

"మంచుగడ్డ అండీ."

"మంచుగడ్డ సంగతి నాకు తెలుసు. మీరు ఎరుపు సంగతి చూడండి."

పూతాయన వారం రోజులు ఎరుపు సంగతి ఆలోచించాడు. నిజానికి ఆయన మోసగాడు కాడు. ఆయన జబ్బల్లా తన పూత మీద తనకున్న ప్రేమ. మంచు తగిలి తగిలి బిళ్లల మొహాలు పాడైపోతున్నాయి కదా, పాపం వాటికీ ఒక పూత పూస్తే పోలా అనుకున్నాడు. 'సున్నితమైన పరికరాల రక్షణార్థం' అని కాగితం మీద రాసి అన్నిటికీ పూయించాడు. తెల్లారేసరికి తెర పచ్చగా, వరిమడిలా నిగనిగలాడింది.

బిళ్లల మీద మంచు లేదు. కాబట్టి బిళ్లలు మంచు లేదన్నాయి. అవి చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. వంతెన నేలకు పూసిన పూతను మాత్రం జనం రెండు నెలల్లో బూట్ల కింద అరగదీసి ఎవరిళ్లకు వాళ్లు పట్టుకుపోయారు. కాలు తగలని బిళ్లల మీద పూత భద్రంగా ఉంది, కాలు పెట్టే చోట మంచుగడ్డ భద్రంగా ఉంది.

పచ్చటి తెర చూసిన రోజున పూతాయనను లోపల ఎక్కడో ఒక చీమ కుట్టింది. ఆ సాయంత్రమే కమిషనర్‌గారి అభినందన వచ్చింది. చీమ దాని కింద పడి నలిగిపోయింది.

ఆ తర్వాతదంతా తనంతట తాను జారుకుంటూ పోయింది. మంచుగడ్డ రద్దు ఉత్తర్వు వచ్చింది. సెన్సర్ ఒప్పుకోనిదే మంచుగడ్డ మీద ఫిర్యాదు తీసుకోరాదని ఒక నిబంధన వచ్చింది. సెన్సర్ల మధ్య అభిప్రాయభేదం వస్తే ఎక్కువమంది మాటే చెల్లుతుందని మరొకటి వచ్చింది. రెండూ రాసింది పూతాయనే. (వాక్యనిర్మాణం బాగుందని పై అధికారులు మెచ్చుకున్నారు. ఆయన ఆ కాగితం ఇంటికి తెచ్చి భార్యకు చదివి వినిపించాడు. ఆవిడ నిద్రపోయింది.) లేని మంచుకు ఉప్పెందుకని నిర్మూలన వాళ్ల ఉప్పు బస్తాలు ఆపేశారు. వాళ్లు మిగిలిన బస్తాల మీద కూర్చుని, పిలుపు కోసం ఎదురుచూడడం మొదలుపెట్టారు.

ఇలా అంతా సుఖంగా ఉన్న సమయంలో అత్తగారు పడ్డారు.

పూతాయన అత్తగారు బడి బస్సు నడుపుతుంది. భర్త పోయిన ఏడాది స్టీరింగ్ పట్టుకున్న మనిషి, ఇప్పటిదాకా ఒక్క పిల్లి తోక కూడా తొక్కలేదు. ఇల్లు వంతెనకు ఇవతల, బస్సు డిపో అవతల. పొద్దున్నే వంతెన దాటుతూ మధ్యలో కాలు జారి, కుడిచేయి మీద పడి, మణికట్టు విరగ్గొట్టుకుంది. పడ్డ చోటు నుంచే ముందు డిపోకు ఫోన్ చేసి పిల్లలకు వేరే డ్రైవర్ని చూడమంది. తర్వాత కూతురికి చేసింది. అల్లుడికి చెయ్యలేదు.

ఆసుపత్రిలో చీటీలు రాసే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని మర్యాదగానే అడిగింది.

"ఎలా పడ్డారమ్మా?"

"జారి."

"దేనిమీద?"

"మంచుగడ్డ మీద."

ఆ అమ్మాయి కొట్టింది, ఆగింది, మళ్లీ కొట్టింది. "తీసుకోవట్లేదమ్మా. వంతెన మీద మంచుగడ్డ లేదని చూపిస్తోంది."

"నా కోటు చూడు తల్లీ. వెనకంతా ఎలా తడిసిపోయిందో."

"తడి నీళ్ల కింద వస్తుందమ్మా. నీళ్ల మీద జారారా?"

"గడ్డకట్టిన నీళ్ల మీద."

"గడ్డకట్టిన నీళ్లకి వేరే విభాగం ఉంది కదమ్మా. వాళ్లే లేదంటున్నారు."

అత్తగారు మెల్లగా తల తిప్పి, అప్పుడే పరుగెత్తుకొచ్చిన అల్లుడి వంక చూసింది. అల్లుడు గోడ మీది గడియారం వంక చూశాడు. గడియారానికి చూసే చోటు లేక తిరుగుతూ పోయింది.

చివరికి ఆ అమ్మాయి 'కారణం లేని పతనం' అనే గడిలో నొక్కింది. మణికట్టుకు పిండికట్టు వేశారు. కారణం లేకుండా పడే మనిషి కారణం లేకుండా బస్సునూ పడేయవచ్చు గనుక అత్తగారి లైసెన్సు ఆ నిమిషమే, ఎవరి చెయ్యీ పడకుండా, దానంతటదే నిలిచిపోయింది. పతన పరిశీలన కేంద్రం వారు పిలిచి, బుర్ర, చెవి, గుండె పరీక్షించి, ఈవిడ నిలబడగలదని తేల్చేదాకా బస్సెక్కరాదు. (ప్రయాణికురాలిగా ఎక్కవచ్చునని ఒక సవరణ ఉంది.)

కుడిచేయి కదలదు గనుక అత్తగారు కూతురింట్లో దిగింది. పూతాయన తిట్లకు సిద్ధపడ్డాడు. రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్న సామెతను ఆవిడ సగం నుంచి పాటిస్తున్నట్టు, నోరు అసలు జారనివ్వలేదు. అన్నిటికీ "గారు" చేర్చి మాట్లాడింది.

"అల్లుడుగారూ, ఆ మంచినీళ్ల గ్లాసు కాస్త ఇటు అందుకుంటారా? జారిపోకుండా."

"అయ్యో, ఎంతమాట అత్తయ్యగారూ."

"మీ వంతెన కులాసాయేనా?"

"కులాసాయేనండీ."

"సంతోషం."

ఆ "సంతోషం" అనే మాటకు ఆయన మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. అయినా అది భరించగలిగిందే. భరించలేనిది తర్వాత వచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన వరండాలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అత్తగారు వంటింట్లోంచి ముందుగదిలోకి వస్తోంది. మామూలుగా ఆవిడ నడిస్తే గచ్చు గడగడలాడాలి. ఆ రోజు ఎడమచేతిని గోడకు ఆనించి, అడుగు మీద అడుగు చూసుకుంటూ వచ్చింది. నున్నటి పొడి గచ్చు మీద. కూతురు చూసి, "ఏమ్మా, నొప్పిగా ఉందా?" అంది.

"నొప్పి కాదే. ఎందుకు పడ్డానా అని ఆలోచిస్తున్నా."

"మంచు మీద జారావు కదమ్మా."

"అలాగే అనుకున్నా. కానీ అందరూ లేదంటున్నారుగా. అంత పెద్ద ఆఫీసు, అన్ని మిషన్లు పెట్టుకుని లేదంటుంటే నేనొక్కదాన్ని ఉందంటే ఎలా? బుర్ర తిరిగిందేమోనే. నాకే గుర్తులేదేమో." గొంతు తగ్గించి అంది, "పిల్లల్ని ఎక్కించుకుని తిప్పుతాను నేను. నిజంగానే నాలో ఏదన్నా తేడా ఉంటే?"

పేపరు వెనక పూతాయనకు, ఆవిడ తిట్టి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. ముప్పై మంది పిల్లల్ని వెనకాల కూర్చోబెట్టుకుని మంచుతుఫానులో కూడా పాటలు పాడించిన మనిషి, తన పచ్చటి తెరను నమ్మి, తన కాళ్లను నమ్మడం మానేసింది. తన పూత దేనికీ అంటుకోదని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. తనకు నింద అంటుకోకుండా ఉండడానికి కూడా అది ఎంత బాగా పనిచేస్తోందో ఇప్పుడే తెలిసింది.

భార్య వరండాలోకి వచ్చి పేపరు పక్కకు తీసింది. "విన్నారుగా?"

"విన్నాను."

"మరి?"

"ఒక స్క్రూడ్రైవర్ కావాలి" అన్నాడు పూతాయన.

ఇద్దరూ వంతెన మీదికి వెళ్లారు. ఎండ కాస్తోంది. నేలంతా గాజు పరిచినట్టు మెరుస్తోంది. దాటేవాళ్లు రెయిలింగ్ పట్టుకుని, మోకాళ్లు వంచి, బాతుల్లా నడుస్తున్నారు. పూతాయన బోర్లా పడుకుని, ఒక బిళ్ల మొహం మీది పూతను గీకడం మొదలుపెట్టాడు. భార్య ఆయన కాళ్లు పట్టుకుంది. (గౌరవంతో కాదు, జారిపోతాడని.) అది ఊడి రావడానికి గంట పట్టింది. అంత మొండిగా ఊడనంటుంటే ఆయనకు ఒకపక్క ఏడుపూ, ఒకపక్క కాస్త గర్వమూ కలిగాయి. గర్వం కలిగినందుకు తన నెత్తిన తనే ఒక మొట్టికాయ వేసుకున్నాడు.

పొద్దు వాలగానే బిళ్ల మీద మంచు పట్టింది. బిళ్ల తన ఉద్యోగం తాను చేసింది. కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, మీ వంతెన మీద ఒక బిళ్లకి మతి చెడినట్టుందండీ. ఎర్రగా అరుస్తోంది."

"అరవడం కాదయ్యా, నిజం చెబుతోంది. మంచుగడ్డ ఉంది."

"మిగతావన్నీ లేదంటున్నాయి కదండీ. ఎక్కువమంది మాటే చెల్లుతుందని రూలు. చాలా బాగా రాశారండీ ఎవరో."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టయింది ఆ బిళ్ల బతుకు. మర్నాటికల్లా దాన్ని ఊడబెరికి, దూదిలో చుట్టి, 'మంచు ఉన్నట్టు భ్రమ' అని చీటీ కట్టి మరమ్మతుకు పంపారు. దాని స్థానంలో రెండు పొరల పూత పూసిన కొత్త బిళ్ల వచ్చి కూర్చుంది. అంతటితో ఆగలేదు. ప్రజల సొమ్ముతో పూసిన పూతను గీకిన దుండగులెవరో కనిపెట్టమని విచారణకు ఆదేశించారు. పూత గురించి ఊళ్లో ఆయనకంటే తెలిసినవారు లేరు గనుక విచారణాధికారిగా పూతాయననే నియమించారు.

అలాంటి అవకాశం అందరికీ రాదు. ఆయన తనను తాను గదిలోకి పిలిపించుకుని, ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ప్రశ్నించుకున్నాడు. ముద్దాయి మొదట బొంకాడు, తర్వాత పై అధికారుల మీదికి తోశాడు, చివరికి ఒప్పుకున్నాడు. 'గీకింది నేనే. అంతకుముందు పూసింది నేనే. బిళ్లలన్నీ గుడ్డివి. వంతెన మీద మంచుగడ్డ ఉంది. మా అత్తగారి బుర్ర భేషుగ్గా ఉంది' అని నివేదిక రాసి కమిషనర్‌గారి బల్ల మీద పెట్టాడు.

కమిషనర్‌గారు రెండుసార్లు చదివారు. "అత్తగారి ప్రస్తావన అవసరమా?" అన్నారు.

"అదే అసలు విషయమండీ."

"అయితే కమిటీ వేద్దాం."

కమిటీలో కమిషనర్‌గారు, భద్రతాధికారి, నిర్మూలన పెద్ద, రాసుకోవడానికి ఒక గుమాస్తా ఉన్నారు. అందరూ వంతెన మీదికి స్వయంగా వచ్చారు. రావడం చూడదగ్గది. ప్రతి ఒక్కరూ రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, అంగుళం అంగుళం జరుపుతూ, మంచుగడ్డ ఎక్కడా కనబడడం లేదని ఒకరితో ఒకరు చెప్పుకుంటూ వచ్చారు. నిర్మూలన పెద్ద కాళ్లకు మేకుల బూట్లు తొడుక్కున్నాడు. అలవాటు కొద్దీ అన్నాడు.

వంతెన నడిమధ్యకు వచ్చాక కమిషనర్‌గారు ఉపన్యాసానికని ఒక చేయి వదిలారు. ఆయన రెండు కాళ్లూ ఒకేసారి ముందుకు వెళ్లాయి, మిగతా మనిషి వెనక ఉండిపోయాడు. ధబ్బున చప్పుడయింది.

"నేను కూర్చున్నాను" అన్నారు కమిషనర్‌గారు.

భద్రతాధికారి వెంటనే పక్కన కూర్చున్నాడు. నిర్మూలన పెద్ద కూర్చున్నాడు. గుమాస్తా కూర్చోబోయి పడ్డాడు, కూర్చున్నట్టు రాసుకున్నాడు. అలా కమిటీ సమావేశం, అధ్యక్షులవారు ఆసీనులైన చోటే, మంచుగడ్డ మీద మొదలైంది. పూతాయన ఒక్కడే రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పండి" అన్నారు కమిషనర్‌గారు నడుం పట్టుకుని.

"అయ్యా, మీరు దేనిమీద కూర్చున్నారో అదేనండీ నేను చెప్పేది."

"నేను వంతెన మీద కూర్చున్నాను."

"చల్లగా లేదాండీ?"

"శీతాకాలం."

భద్రతాధికారి గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ మంచుగడ్డ ఉంటే మా రికార్డుల్లో ఎవరో ఒకరు జారి ఉండాలి కదండీ. ఇంతవరకూ పడ్డవాళ్లంతా కారణం లేకుండానే పడ్డారు."

"ఉంటే నాకు కబురొచ్చేది" అన్నాడు నిర్మూలన పెద్ద. "నాకు కబురు రాలేదు." అంటూనే ఆయన మేకుల బూటు మడమతో తన చుట్టూ ఉన్న గడ్డను పరధ్యానంగా పగలగొడుతున్నాడు. ముక్కలు కింద పట్టాల మీద పడుతున్న చప్పుడు అందరికీ వినిపిస్తూనే ఉంది.

పూతాయనకు ఒళ్లు మండింది. ఆయన జన్మలో అధికారుల ముందు గొంతు పెంచిన మనిషి కాడు. "అయ్యా, ఇది రాసింది నేను, పూసింది నేను, చెడగొట్టింది నేను. గుడ్డివాళ్లకు కళ్లద్దాలు పెట్టినట్టు కాదు, కళ్లున్నవాటికి గంతలు కట్టాను. నాకు ఏ శిక్షయినా వెయ్యండి. ఆ పూత మాత్రం తీయించండి. ఒక్క ఉప్పు బస్తా పంపండి. పెద్దావిడ ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తోంది!"

కమిషనర్‌గారు ఆయన వంక నిజంగానే జాలిగా చూశారు. "కూర్చోండి. మీకు మరీ ఇంత వినయం పనికిరాదు" అన్నారు.

తీర్మానం అక్కడికక్కడే ఆమోదించారు. ఇంత చలిలో కూడా బిళ్లల మీద మంచు పట్టలేదంటే పూత అద్భుతంగా పనిచేస్తున్నట్టు రుజువైందని, దాని సృష్టికర్త తన ఘనతను తానే తగ్గించుకుంటున్నాడని, అందుకు ఆయనకు పదోన్నతి ఇవ్వాలని, ఊళ్లోని మిగతా హెచ్చరిక పరికరాలన్నిటికీ ఇదే పూత పూయించాలని రాశారు. ఆ తర్వాత కమిటీ లేవడానికి ప్రయత్నించింది. లేవడానికి సమావేశం జరిగినంత సేపు పట్టింది.

పూతాయన ఇంటికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా తిన్నగా అత్తగారి ముందు నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, వంతెన మీద మంచుగడ్డ ఉంది. ఆ రోజూ ఉంది, ఇవాళా ఉంది. బిళ్లలకి కనబడకుండా చేసింది నేను. మీరు పడింది నా వల్ల."

గోడ పట్టుకుని నడుస్తున్న ఆవిడ ఆగింది. తర్వాత గోడ మీంచి చేయి తీసింది.

"హమ్మయ్య" అంది. "అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట. మీది ఎక్కడన్నా చూపించుకోండి నాయనా."

ఆ తర్వాత అరగంట ఆవిడ తిట్టిన తిట్లలో ఒక్కదానికీ "గారు" లేదు. పూతాయన ఆ పూట కడుపునిండా భోంచేశాడు. పదోన్నతి కబురు మాత్రం అన్నం ముగిశాక, చెయ్యి కడుక్కునే వంకతో పెరటి వైపు వెళ్లి భార్యకు ఒక్కదానికే చెప్పాడు. "మా అమ్మతో అనకండి" అంది ఆవిడ.

పతన పరిశీలన కేంద్రం పిలుపు వచ్చేనాటికి పిండికట్టు విప్పేశారు. అత్తగారిని గీత మీద నడిపించారు, ఒంటికాలి మీద నిలబెట్టారు, కళ్లు మూసి ముక్కు ముట్టుకోమన్నారు. ఆవిడ ముక్కూ ముట్టుకుంది, అడిగిన డాక్టరమ్మ ముక్కూ ముట్టుకుంది. డాక్టరమ్మ నవ్వింది గానీ, కంప్యూటర్ వైపు తిరిగేసరికి మొహం వాడిపోయింది.

"మీరు గుండ్రాయిలా ఉన్నారండీ. కానీ కారణం లేకుండా పడ్డవాళ్లని వదలడానికి నాకు వీల్లేదు. ఏదో ఒక కారణం ఉండాలి."

"మంచుగడ్డ" అన్నారు అత్తా అల్లుడూ ఒక్క గొంతుతో.

"అది లేదండీ ఇందులో. తీసేశారు." ఆవిడ జాబితా కిందికి జరుపుతూ పోయింది. మద్యం, మతిమరుపు, ఆకస్మిక ఆనందం, పెంపుడు జంతువులు. ఒకచోట ఆగింది. "కుటుంబ కారణాలు అని ఒకటుంది. ఇంతవరకూ ఎవరూ వాడలేదు. కుటుంబంలో ఒకరు, ఈవిడ పడడానికి కారణం నేనేనని సంతకం పెట్టాలి."

పూతాయన కలం తీసుకున్నాడు. తన ఉద్యోగజీవితంలో ఎన్నో కాగితాల మీద ఎన్నో సంతకాలు పెట్టాడు గానీ, ఏ కాగితం మీదా ఇంత నిజం చూడలేదు. నిబ్బరంగా, అక్షరం అక్షరం విడదీసి పెట్టాడు. లైసెన్సు ఆ నిమిషమే బతికింది. సోమవారం పొద్దున అత్తగారు అల్లుడి భుజం గట్టిగా పట్టుకుని వంతెన దాటి, బస్సెక్కి, హారన్ అవసరమైనదానికంటే ఎక్కువసేపు కొట్టింది.

కబురు ఊళ్లో పాకడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆసుపత్రిలో చీటీలు రాసే అమ్మాయి మంచిది, పడి వచ్చినవాళ్లందరికీ ఆ గడి చూపించింది. పాలు పోసేవాడు భార్య వల్ల పడ్డాడు. మంగలి బావమరిది వల్ల పడ్డాడు. ఇద్దరు తోడికోడళ్లు ఒకే రోజున, ఒకే చోట, ఒకరి వల్ల ఒకరు పడ్డారు. నిర్మూలన పెద్ద మేకుల బూట్లు ఇంట్లో మరిచిపోయి వచ్చిన రోజున తోడల్లుడి వల్ల పడ్డాడు. మంచుగడ్డ వల్ల ఆ శీతాకాలం ఒక్కరంటే ఒక్కరు పడలేదు.

ఊళ్లో కుటుంబాలు ఇంతగా చెడిపోతున్నందుకు నగరపాలక సంస్థ తీవ్రంగా కలతచెందింది. పదోన్నతి పొందిన పూతాయన ఉప్పు పంపమని సలహా ఇస్తే, ఉప్పు పంపలేదు గానీ, వంతెన మొదట్లో ఒక కుటుంబ సలహా కేంద్రం తెరిచింది. దాని పక్కనే, ఎక్కేవారికి కనబడేలా, ఒక బోర్డు కూడా పెట్టించింది:

'నా అన్నవాళ్లు లేనివారు జాగ్రత్తగా నడువవలెను.'